పద్నాలుగో రీలు

ఆరు తలుపులు చెప్పిన మాట విన్నాయి. ఏడోదే ఫాయిజాకు కొరకరాని కొయ్య అయి కూర్చుంది.

భద్రాచలం బస్టాండు వెనక సందులో మున్వర్ బైండింగ్ షాపు అంటే తెలియనివాళ్లు లేరు. స్కూలు రిజిస్టర్లు, కోర్టు కట్టలు, పెళ్లి ఆల్బములు, చివికిపోయిన పురాణాలు, ఏవి తెచ్చినా ఆయన చేతిలో పడితే మళ్లీ ముప్ఫై ఏళ్లు బతుకుతాయి. ఆయన కూతురు ఫాయిజాకు ఇరవై ఏడు. పగలంతా జిరాక్సు మిషను దగ్గర నిలబడుతుంది, ఖాళీ దొరికితే తన పుస్తకం రాసుకుంటుంది. రెండేళ్లుగా రాస్తూనే ఉంది. అది నవల కాదు, కవిత్వం కాదు. ఏమిటని ఎవరైనా అడిగితే చాలు, మున్వర్ జిగురు బ్రష్షు పైకెత్తి, "అడక్కండి సార్, మాకే సమజ్ కాలె" అని నవ్వేవాడు.

అంత సమజ్ కాకపోవడానికి ఏముంది కనుక! బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. "ఎదురుగా వాగు పొంగుతోంది, ఏం చేస్తారు?" అని నడిపే మనిషి అడుగుతుంది. "ఈదుతా" అన్నారా, పాచిక వెయ్యాలి. మంచి అంకె పడితే అవతలి ఒడ్డు, లేదంటే వాగు పాలు. తెర లేదు, బొమ్మ లేదు. ఉన్నదల్లా మాట, పాచిక, ఒక పుస్తకం. ఆ పుస్తకాన్నే సోర్స్‌బుక్ అంటారు. ఒక లోకానికి కావలసిన సమస్తం అందులో ఉండాలి. ఏ దారి ఎటు పోతుంది, ఏ గుహలో ఏముంది, ఎవరిని నమ్మొచ్చు, ఎక్కడ కాలు పెడితే నేల కుంగుతుంది, అన్నీ.

హైదరాబాదులో అనిల్‌కుమార్ అనే ఆయన పాత సాహస చిత్రాల మీద ఇలాంటి పుస్తకాలు తెలుగులో వేస్తున్నాడు. ఫాయిజాకు దక్కిన సినిమా 'ఏడు తలుపుల కొండ'. నలభై ఏళ్ల కిందట ఇక్కడే ములకలపల్లి అడవిలో తీశారు. ప్రింటు ఎక్కడా మిగల్లేదు. చారలు పడిన పాత క్యాసెట్టు ఒకటి దొరికింది. దాన్ని నూటొక్కసారి చూసి ఫాయిజా కొండ పటం గీసింది, పదమూడు రీళ్లకు పదమూడు అధ్యాయాలు రాసింది. పద్నాలుగో రీలు దగ్గర బండి ఆగిపోయింది. ఏడో తలుపు రెక్క కదులుతుంది, గభాలున కథానాయకుడి ముఖం వస్తుంది, కళ్లలో నీళ్లు, శుభం! మధ్యలో ఏదో కోసేశారని కళ్లున్నవాళ్లెవరికైనా తెలిసిపోతుంది.

తలుపు వెనక తనే ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోయేది. కానీ ఆ దారీ మూసుకుపోయింది. సినిమా తీసిన దర్శకుడు పోయి చాలా కాలమైంది, హక్కులు ఆయన కూతురు నిర్మలాదేవి చేతిలో ఉన్నాయి. ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఆమె. ఫోన్లో గొంతు పెంచకుండానే భయపెట్టగలదు.

"షూటింగప్పుడు నాకు ఆరేళ్లమ్మా," అందామె మొదటిసారి మాట్లాడినప్పుడు. "ఏడో తలుపు సెట్టు ముందు నిలబడి వెనక ఏముందో చూపించమని ఏడ్చాను. నాన్న నన్ను భుజాల మీదికి ఎత్తుకుని 'ఇప్పుడు కాదు, హాల్లో చూద్దువుగాని' అన్నారు. హాల్లో ఆ ముక్కే లేదు. పాడైందని కోసేశారట. అడిగితే నాన్న మాట్లాడేవారు కాదు. మళ్లీ సినిమా తియ్యలేదు కూడా. అందుకని, ఆయన తీసిందేమిటో దొరికితే పుస్తకంలో వెయ్యండి. దొరక్కపోతే పుస్తకమే వద్దు. కల్పించి మాత్రం రాయొద్దు."

గడువు నెలాఖరు. అప్పటికి తలుపు తెరుచుకోకపోతే రెండేళ్ల రాత అటకెక్కుతుంది. ఫాయిజా అన్నం కలుపుకుంటూ కూడా తలుపునే తలుచుకునేది. నిర్మలాదేవి దయతలచి తండ్రి స్క్రిప్టు నోటుబుక్కు ఆఖరి పేజీ ఫోటో తీసి పంపింది. పైన 'ఏడో తలుపు తెరుచుకుంటుంది' అని ఒక వాక్యం, అడుగున మూలకు 'శుభం'. మధ్యన పేజీ అంతా ఖాళీ. "తర్వాత రాద్దామని వదిలేసినట్టున్నారు" అంది ఆమె.

ఇక మిగిలింది అప్పట్లో సినిమా చూసినవాళ్లే. ఫాయిజా షాపుకు వచ్చిన పెద్దవాళ్లనల్లా పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. మొదట దొరికింది ఫారెస్టు వాచరుగా చేసి రిటైరైన భీమ్లా. పెన్షను కాగితాలు జిరాక్సు చేయించడానికి భార్య హేమ్లితో కలిసి వచ్చాడు. సినిమా పేరు వినగానే ఇద్దరి ముఖాలూ వెలిగాయి.

"చూడకేం? ములకలపల్లి టెంటు టాకీసుల చూసిన," అంది హేమ్లి. "తలుపు తెరిస్తే వాగు. నడి ఎండాకాలం, అయినా నిండుగ నీళ్లు! మా తండా ఆడోళ్లమంతా బిందెలు తేలేదే అని నెత్తి కొట్టుకున్నం."

"వాగేందే, నీ మొకం," అన్నాడు భీమ్లా. "పులి. పిల్లలకు పాలిస్తున్నది. మమ్మల్ని జూసి లేవనే లేదు. నా ఉద్యోగంల గట్లాంటి పులిని మళ్ల చూడలే."

"నీకు నిద్రలో వచ్చింటది."

"నీకే కల. నేను రెండు కళ్లతోని చూసిన!"

మొగుడూ పెళ్లాలు జిరాక్సు మిషను ముందే జుట్టు జుట్టు పట్టుకునేలా ఉన్నారు. వేర్వేరు రోజుల్లో వెళ్లామని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. వెళ్లబోతూ హేమ్లి వెనక్కి తిరిగి, "గాని బిడ్డా, ఆ తలుపు నన్ను 'యాడీ' అని, అమ్మా అని పిల్చింది. మా లంబాడీ మాటల్లనే మాట్లాడింది" అంది.

క్యాసెట్టులో ఉన్నది మొదటినుంచి చివరిదాకా అచ్చ తెలుగు. ఆ వారమే దుమ్ముగూడెం సంతలో ఒక కోయ పెద్దాయన కలిశాడు. తలుపు వెనక గోదావరి రెండుగా విడిపోయి అడుగున దారి కనిపించిందట. తలుపు కోయ భాషలో మాట్లాడిందట. ఆయనా ములకలపల్లి టెంటులోనే చూశాడు. తెలుగు సినిమాలో తలుపు ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడటమేమిటి! ఆ టెంటు ఎవరిదని వాకబు చేస్తే ఒకటే పేరు చెప్పారు, వెంకటప్పయ్య.

మర్నాడే బస్సెక్కింది. వెంకటప్పయ్య వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్న రైతు. కొడుక్కి మాత్రం నాగలి కంటే ప్రొజెక్టరు ముద్దయింది. ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయిల్‌పామ్ తోట మధ్య చిన్న డాబా, వరండాలో నులక మంచం, దాని మీద పెద్దాయన. సినిమా పేరు చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది.

"ఆ సినిమానా? గుర్తులేదమ్మాయ్. ఎన్ని ఆడించాం! ఏదని గుర్తుంటది?"

లోపలినుంచి ఆయన భార్య బుల్లెమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. "గుర్తులేకపోవడమేంది? నిద్రలో కూడా దాన్నే కలవరిస్తాడు. నలభై ఏళ్లుగా కడుపులో పెట్టుకుని కుములుతుండు. చెప్పరాదూ! పోలీసులేం కాదుగా వచ్చింది."

వెంకటప్పయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత, "తప్పు చేశానమ్మాయ్" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. టెంటులో మిషను ఒకటే. రీలు అయిపోగానే బల్బు వేసి, ఇంకో రీలు ఎక్కించాలి. ఆ కాస్త సందులో జనం విసుక్కోకుండా ఆయన మైకు పట్టుకుని కబుర్లు చెప్పేవాడు. ఏ ఊరినుంచి వచ్చారు, వానలు పడ్డాయా, ఎవరి పెళ్లి అని పలకరించేవాడు. అక్కడా ఇక్కడా తిరిగి నాలుగు భాషలూ వంటబట్టాయి. ఇక ఆ జనముందే, వాళ్లు గట్టివాళ్లు! పది పన్నెండు మైళ్లు నడిచి వస్తారు. బయట బోర్డు మీద 'పద్నాలుగు రీళ్లు' అని రాసి ఉంటే, బల్బు వెలిగిన ప్రతిసారీ అందరూ కలిసి పైకే లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు. టౌను హాళ్లలో ఆట జల్దీ ముగించాలని రీళ్లు కోసేవాళ్లు. ఇక్కడ ఒక్కటి తగ్గిందా, గుంజలు ఊడబీకుతారు. అందుకని పెట్టెలో ఏది వస్తే అది అడుగు కూడా కొయ్యకుండా ఆడించడం వెంకటప్పయ్య టెంటు కట్టుబాటు.

"మొదటి రోజు ఆట. పద్నాలుగో రీలు ఎక్కించా. తలుపు తెరుచుకుంది. తెల్లగా ఉంది తెర! బొమ్మ లేదు, మాట లేదు. లాబులో ఫిల్ము కడగడం చెడిందనుకున్నా. ముందర ఆరొందల మంది. వాళ్లు లేచారంటే టెంటు ఉండదు, నేనూ ఉండను. ఏం చేయాలో తోచలే. మైకు తీసుకుని తెర ముందుకొచ్చి చెప్పడం మొదలుపెట్టా. లోపల ఏముందో నోటికొచ్చింది చెప్పా. మూడు నిమిషాలు. ఆనక మళ్లీ బొమ్మ వచ్చింది, హీరో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, శుభం పడింది. ఒక్కరు కూడా లేవలేదమ్మాయ్. బల్బు వేస్తే అందరి ముఖాలూ తడిసి ఉన్నాయి."

"మర్నాడు?"

"మర్నాడు వేరే ఊరివాళ్లు. వాళ్ల ముఖాలు చూస్తే నిన్నటి మాట పనికిరాదనిపించింది. ఇంకోటి చెప్పా. పందొమ్మిది రోజులు ఆడింది, పందొమ్మిది రకాలు చెప్పా. రెండోసారి వచ్చినవాళ్లు 'నిన్న వాగు కదా?' అనడిగితే, 'ఆ తలుపు ఎవరిది వాళ్లకు చూపిస్తది' అని బుకాయించా." ఆయన తల దించుకున్నాడు. "ఎవరో మహానుభావుడు తీసిన సినిమాకి నా నోటి ముక్క అతికించా. కాళ్లరిగేలా నడిచొచ్చిన జనాన్ని మోసం చేశా."

ఫాయిజా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. హేమ్లి వాగు, భీమ్లా పులి, ఆ పెద్దాయన గోదావరి, ఇవేవీ తెర మీద లేవు! అయినా చూశారు. నలభై ఏళ్ల తర్వాత కూడా జిరాక్సు మిషను ముందు నిలబడి కొట్టుకునేంత గట్టిగా చూశారు.

"నాకు కూడా చెప్పు తాతా," అంది.

ఆయన ఒప్పుకోలేదు. బుల్లెమ్మే లోపలికి వెళ్లి, గోనెపట్టాలో చుట్టిన పాత మైకు తెచ్చి చేతిలో పెట్టింది. దానికి వైరు కూడా లేదు. కానీ అది పట్టుకోగానే పెద్దాయన నడుము నిటారయింది. తెల్లటి వరండా గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఫాయిజా చేతివేళ్లకు అంటి ఎండిపోయిన జిగురు వంక ఒకసారి చూశాడు.

"నన్ను చూడకు. నా వెనక చూడు," అన్నాడు. గొంతు మారిపోయింది. "తలుపు తెరుచుకుంది. లోపల ఒక పుస్తకం. ఎంత పెద్దదంటే, నువ్వు దాని మీద నడవాలి. గాలికి పేజీ తిరిగింది. పేజీ కింద ఇంకో పేజీ కాదు, అడవి. అందులోకి దిగు బిడ్డా. ఇది ఇంకా ఎవరూ కుట్టలేదు, నీకోసమే విడిగా ఉంది."

మూడే నిమిషాలు. ఆయన ఆపేసరికి ఫాయిజాకు ఇప్పపూల వాసన ముక్కుకు తగులుతోంది, చెప్పుల కింద ఎండుటాకులు నలిగినట్టుంది. ఎదురుగా సున్నం గోడ, మూలన బల్లి. ఆయన పూల మాట ఎత్తనేలేదని, ఆకుల మాట అసలే అనలేదని ఆమెకు అప్పుడు తట్టింది. యా అల్లా అనుకుంది. పగటిపూట, పట్టపగలు, ఒక ముసలాయన వైరు లేని మైకుతో ఇదంతా ఎలా చేశాడు? రెండేళ్లుగా తను రాస్తున్న ఆట ఇదే కదా! తనకంటే ముందే, ఆ ఆట పేరు కూడా తెలియకుండా, ఈయన ఆరొందల మందితో ఆడేశాడు.

బస్సులో తిరిగి వస్తూ ఫోన్లో నోటుబుక్కు పేజీ ఫోటో తెరిచి చూసుకుంది. చూసీ చూసీ కళ్లు నొప్పి పుట్టిన పేజీయే. కానీ ఈసారి అడుగున ఉన్న 'శుభం' దగ్గర చూపు ఆగింది. రాయడం మధ్యలో ఆపినవాడు అడుగున శుభం ఎందుకు రాస్తాడు? ఆ ఖాళీకి పైన మొదలుంది, కింద ముగింపు ఉంది. అది వదిలేసిన పేజీ కాదు. అదే రాత.

లాబులో ఏదీ చెడిపోలేదు. దర్శకుడు తెలుపే తీశాడు.

పాల్వంచ దాటేదాకా ఫాయిజా ఒకటే ఆలోచించింది. ఆ మాట నిర్మలాదేవికి ఎలా చెప్పడం? నలభై ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషికి 'మీ నాన్న ఏమీ చూపించలేదు' అని ఫోన్లో చెబితే, అట్నుంచి టప్పున పెట్టేస్తుంది, పుస్తకం సంగతి అంతటితో సరి. చివరికి ఫోను చేసి, "ఏడో తలుపు దొరికింది మేడం. ములకలపల్లి రావాలి. రాగానే చెప్పను, ఆడాలి" అంది.

"ఆడటమేమిటి?" అంది నిర్మలాదేవి. కానీ ఆదివారం పొద్దున్నే వచ్చేసింది.

వెంకటప్పయ్య వరండాలో బల్ల వేశారు. నిర్మలాదేవి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా బిగుసుకుని కూర్చుంది. ఒకపక్క బుల్లెమ్మ, ఇంకోపక్క భీమ్లా. పెద్దాయన మాత్రం దూరంగా మంచం మీదే ఉన్నాడు, ఎంత పిలిచినా రాలేదు. ఫాయిజా కొండ పటం పరిచి కథ ఎత్తుకుంది.

మొదట్లో ఎవరికీ కుదర్లేదు. బుల్లెమ్మ పాచిక వెయ్యడానికి సిగ్గుపడింది. రెండో తలుపు దగ్గర తాడు వంతెన తెగేసరికి మాత్రం, "అయ్యో అయ్యో, ఆ పిల్లను పట్టుకోండ్రా!" అని కేక పెట్టింది. ఆ పిల్ల పాత్ర నిర్మలాదేవిది. భీమ్లా చెయ్యి అందించానన్నాడు, పాచిక వేశాడు, ఆరు పడింది. నిర్మలాదేవి ఊపిరి పీల్చుకుంది. నాలుగో తలుపు దగ్గరికి వచ్చేసరికి చేతిసంచి కింద పెట్టింది. ఆరో తలుపు దాటేసరికి ఆమె కుర్చీ అంచు మీదికి వచ్చేసింది, జారిన కొంగు చూసుకోలేదు. మంచం మీది పెద్దాయన ఎప్పుడు లేచాడో, బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏడో తలుపు," అంది ఫాయిజా. "రెక్క కదిలింది. తెరుచుకుంది. లోపల తెలుపు."

అంతటితో ఆపేసింది. తోటలో ఎక్కడో మోటారు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తర్వాత?" అంది నిర్మలాదేవి.

"అంతే మేడం. మీ నాన్నగారు తీసింది అంతే. మూడు నిమిషాలు తెల్లటి తెర."

నిర్మలాదేవి కొండ పటాన్ని పక్కకు నెట్టింది. "ఖాళీయా? ఇందుకా నన్ను పిలిపించావు? ఏమీ తియ్యలేదని చెప్పడానికా?"

"తప్పు నాదమ్మా," అంటూ వెంకటప్పయ్య ముందుకు వచ్చి చేతులు జోడించాడు. మొత్తం చెప్పాడు. చెడిపోయిందనుకోవడం, మైకు పట్టుకోవడం, పందొమ్మిది రోజులు, పందొమ్మిది మాటలు, ఏదీ దాచలేదు. "మీ నాన్నగారి సినిమాని పాడుచేశా. క్షమించు తల్లీ."

నిర్మలాదేవి చేతిసంచిలోంచి పాత ఉత్తరాల కట్ట తీసింది. కాగితాలు మడతల దగ్గర చిరిగిపోయాయి. "ఇవి హాళ్లవాళ్లు నాన్నకు రాసినవి. పదకొండు ఊళ్లు. అందరిదీ ఒకటే మాట. 'ఆఖరి రీలులో ముక్క తెల్లగా వచ్చింది, లోపమున్న భాగం కోసేసి ఆడిస్తున్నాం.' లోపమంటే బొమ్మ చెడి తెల్లబడిందేమో అనుకున్నాను ఇన్నాళ్లూ." ఆమె తలెత్తి పెద్దాయన్ని చూసింది. "మీరు కొయ్యలేదా?"

"ఎట్లా కోస్తానమ్మా? మా జనం రీళ్లు లెక్కపెడతారు."

"పందొమ్మిది రోజులూ ఆ తెలుపు ఆడిందా?"

"ఆడిందమ్మా. అడుగు కూడా పోలే."

ఫాయిజా నోటుబుక్కు ఫోటో ఆమె ముందు పెట్టి, అడుగున ఉన్న శుభం మీద వేలు ఉంచింది. నిర్మలాదేవి ఫోను దగ్గరికి లాక్కుంది.

"తెలుపంటే ఖాళీ కాదు," అంది మెల్లగా. "అన్ని రంగులూ కలిస్తే తెలుపు. ఏటా పిల్లలకు నేనే పాఠం చెబుతాను. ఇంట్లో ఈ పేజీ పెట్టుకుని..." కాసేపటికి కళ్లు తుడుచుకుని, పెద్దాయన వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "లోకం మొత్తం మీద ఒక్క మీ టెంటులోనే మా నాన్న సినిమా పూర్తిగా ఆడింది. మీరు పాడుచెయ్యలేదండీ. ఆయన అడిగింది మీరొక్కరే చేశారు."

వెంకటప్పయ్య మంచం పట్టె దొరకబుచ్చుకుని కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఊరుకో, ఊరుకో, మోసం కాదంట, విన్నావుగా," అంటూ బుల్లెమ్మ ఆయన వీపు రాసింది. ఆమె కూడా ఏడుస్తూనే ఉంది.

ఆట ఇంకా అయిపోలేదని గుర్తు చేసింది భీమ్లానే. "తలుపు తెరిసి పెట్టిన్రు గదా. లోపలికి పోవద్దా?"

నిర్మలాదేవి గోడ వైపు తిరిగింది. పెద్దాయన మైకు అందుకోబోయి, మళ్లీ ఆగి, దాన్ని ఫాయిజా చేతికి ఇచ్చాడు. "నేను చెప్పను. అడుగు, అంతే. ఆమెకు కనబడతది."

ఫాయిజా ఆ వైరు లేని మైకు పట్టుకుంది. "తలుపు తెరుచుకుంది. తెల్లటి వెలుగు. ఏం కనిపిస్తోంది మేడం?"

గోడ మీద మధ్యాహ్నపు ఎండ పడుతోంది. నిర్మలాదేవి చూస్తూ ఉంది. నిమిషం గడిచింది. ఉన్నట్టుండి ఆమె కుర్చీలో నిటారుగా అయ్యి, గడ్డం పైకెత్తింది, ముందు వరసలో ఎవరి తలో అడ్డు వచ్చినట్టు.

"కాళ్లు నేలకు ఆనడం లేదు," అంది. అది లెక్చరరు గొంతు కాదు. "ఎత్తు మీద ఉన్నాను. కింద జుట్టు... కొబ్బరినూనె వాసన. నా కాళ్లు గట్టిగా పట్టుకున్నారు, పడిపోకుండా. ఇక్కణ్ణించి అంతా కనిపిస్తోంది. తలుపు అవతల కూడా కనిపిస్తోంది."

ఏం కనిపించిందని ఎవరూ అడగలేదు. పాచిక భీమ్లా గుప్పిట్లోనే ఉండిపోయింది.

నెలాఖరుకు పుస్తకం వెళ్లింది. పద్నాలుగు అధ్యాయాలకు పద్నాలుగు రీళ్లని పేరు. హైదరాబాదులో అచ్చయి, మొదటి యాభై ప్రతుల కాగితాలు చేత్తో బైండు చెయ్యడానికి మున్వర్ షాపుకే వచ్చాయి. పొద్దున్నే అనిల్‌కుమార్ ఫోను, "అక్కా, ఆఖరి రీలు ప్రింటు కాలేదా? పైన ఒక్క లైను, కింద శుభం, అంతే ఉంది." దాన్ని కదపొద్దని ఫాయిజా నాలుగుసార్లు చెప్పింది. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి, మున్వర్ ఆ కాగితమే పట్టుకుని, కోత కత్తి దాని మొదట్లో ఆనించి ఉన్నాడు.

"బేటీ, తెల్ల పేజీ తగులుకున్నది. తీసేస్తున్న."

"అబ్బూ, కొయ్యకు!"

ఆ కేకకు జిగురు డబ్బా కింద పడింది. మున్వర్ బిత్తరపోయి చూశాడు. "ఏందే? ఏముంది దీన్ల?"

"నువ్వే చూడు," అంది ఫాయిజా.

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు, కాగితంలోకి చూశాడు. దాన్ని గుమ్మంలో ఎండ పడేచోటికి తీసుకెళ్లి పట్టుకున్నాడు. కాసేపటికి కత్తి జేబులో వేసుకుని, కళ్లద్దాలు తీసి కళ్లకు పెట్టుకున్నాడు.